రెండో పళ్ళెం

బరంపురం. రాత్రి రెండు దాటింది.
కాలేజీ ల్యాబులో రెండు గాజు పళ్ళేలు,
రెండింట్లోనూ ఒకే ఎలుక కాలేయం, విడివిడి కణాలుగా.
మొదటిదానికి చక్కెర నీళ్ళు పోశాను.
రెండోదానికి పొయ్యలేదు.
ప్రయోగమంటే అంతే.

గ్లూకోకైనేజ్ అని ఒకటుంటుంది కణంలో.
గుమ్మం దాటొచ్చిన చక్కెర నుదుట
ఫాస్ఫేటు బొట్టు పెడుతుంది.
ఆ బొట్టు చెరిగేదాకా
వచ్చినది వచ్చిన దారిన పోలేదు,
ఆ ఇంటి బియ్యంలో కలిసిపోతుంది.

అందులో కొంత
మైటోకాండ్రియా గోడకి ఆనుకుని నిలబడుతుంది,
పొయ్యి దగ్గర వంటమనిషిలా.
పక్కన ఇంకొకడుంటాడు. వాడి పేరు బ్యాడ్.
అవును, ఇంగ్లీషులో చెడ్డ.
మొదటిసారి పట్టుబడినప్పుడు
ప్రాణం తీసే పనిలో ఉన్నాడు, ఆ పేరే ఖాయం చేశారు.
తిండి ఉన్న రోజుల్లో
బొట్టు పెట్టే చేతికి దన్ను వాడేనని
తర్వాతెప్పుడో తెలిసింది.
పేరు మాత్రం మార్చలేదు.

చక్కెర ఆగిపోతే
వాడి ఒంటిమీది ఫాస్ఫేటూ రాలిపోతుంది,
దన్నిచ్చిన భుజమే తలుపు తోస్తుంది.
బయటినుంచి ఎవరూ రారు.
కణం తనని తానే మడత పెట్టుకుంటుంది,
అమ్ముడుపోక వెనక్కొచ్చిన పట్టుచీరని
మళ్ళీ మడత పెట్టినంత శ్రద్ధగా.

నిన్న ఓపీ మూసే వేళకి
మా వీధి మడక ఎర్నమ్మ వచ్చింది,
మొగుడి రిపోర్టు ఒడియా అక్షరాల బట్టలకొట్టు సంచిలో పెట్టుకుని.
లింగరాజు మగ్గం ఆగి పదినెల్లు.
అన్నం మానేసి తాగేవాడు, వీధంతా ఎరుగుదుం.
"కార్జం సచ్చిపోనాదంటన్నారు.
నీకు సదువుంది గదా, ఎవులు సంపినారో సెప్పు"

మందు, అందామనుకున్నాను.
ఆకలి, అందామనుకున్నాను.
మగ్గం మాట నోటిదాకా వచ్చి ఆగింది.
ఆమె చూసింది చూసింది, తనే అడిగింది:
"పోనీ పంచదార ఎట్టమంటావేటి?"

డాక్టరుగార్ని అడుగు, అన్నాను.
నా మొహం నాకే చూడాలనిపించలేదు.

ఇప్పుడు మైక్రోస్కోపు కింద రెండో పళ్ళెం.
కణాల అంచులు బుడగలు బుడగలుగా పొంగుతున్నాయి.
ఆరింటిదాకా ముట్టుకోకూడదు.

మా నాన్న, పోగు తెగిందంటే
అన్నం ముందునుంచి లేచిపోయేవాడు.
ఉమ్మితో తడిపి, వేళ్ళ మధ్య నలిపి అతికేవాడు.
అతుకు వేలికి తెలిసేది, కంటికి తెలిసేది కాదు.

పిపెట్ తీసుకున్నాను.
రెండు చుక్కలు. మూడు.
పొద్దున్న మేడమ్ ఒడియాలో మెత్తగా తిడుతుంది,
మూడు వారాల పని.
రిజిస్టరులో టైము వేసి, ఎదురుగా రాశాను:
రెండో పళ్ళెం, బ్యాడ్.

ఒక మూల కొన్ని సర్దుకున్నాయనిపించింది.
నిద్రలేని కళ్ళు, నమ్మడానికి లేదు.
కింద ఇచ్ఛాపురం మొదటి బస్సు
ఎవరికోసమో ఆగి హారన్ కొడుతోంది.