అక్షరాలా

రిజిస్ట్రారాఫీసు గోడ పక్కన, రేకుల కింద
నా బల్లకు నలభై ఏడేళ్లు.
ఒక కాలు పొట్టిది, ఇటుక ముక్క ఎత్తుపెట్టాను.
ఇటుక అంటూ నాకున్నది అదొక్కటే.

వేదాయపాళెంలో ఆ పన్నెండు అంకణాలు
మొదటిసారి నా ముందుకొచ్చింది డెబ్భైతొమ్మిదిలో.
"నువ్వే తీసుకోరాదా అబ్బయ్యా" అంది చెంగమ్మ,
"సగం ఇప్పుడియ్యి, సగం కోతలకియ్యి."
అంకణం మూడొందలు.
పోస్టాఫీసులో నాకు రెండువేలు ఉన్నాయి.
కరెంటు లేదన్నాను. పాముల బీడన్నాను.
ఇంటికెళ్లి సుబ్బరత్నంతో
"వచ్చే ఏడు తగ్గుద్దిలే" అన్నాను.
చాటలో మెరిగలు ఏరుతూ ఆమె తలెత్తలేదు.

కొన్నది సైకిల్ షాపు ఖుద్దూస్.
ఉత్తరం: బండ్ల పుంత.
పడమర: పోలిరెడ్డి వరిమడి.
క్రయధనం మూడువేల ఆరువందలు.
అంకె వేసి, పక్కన 'అక్షరాలా' అని మొదలుపెడితే
అర గీతలోనే అయిపోయింది.
మిగిలిన చోటంతా అడ్డగీత కొట్టాను,
ఎవరూ ఇంకేమీ ఇరికించకుండా.

ఎనభై ఎనిమిదిలో షాపు మునిగి ఖుద్దూసే వచ్చాడు.
పడమర: పోలిరెడ్డి ఖాళీ జాగా, అని రాశాను.
వరి పోయిన సంగతి
ఊళ్లో అందరికంటే ముందు నా కలానికి తెలిసింది.

మూడోసారికి ధరలు రెండయ్యాయి,
కాగితం మీద ఒకటి, చేతిసంచిలో ఒకటి.
నేను రాసేది చిన్నది.
పెద్దది కాళ్ల మధ్య అదిమిపెట్టుకుని
కొనేవాడు బెంచీ మీద కూర్చునేవాడు.
'అక్షరాలా' దగ్గరికి నేను రాగానే
ఇద్దరూ రోడ్డు మీద ఆటోల్ని చూసేవాళ్లు.

రెండువేల ఏడులో రొయ్యల గుంటల దశరథరామిరెడ్డి.
నేను హద్దులు చదివి వినిపిస్తుంటే
ఫోనులో బేరం ఆడుతున్నాడు,
ఇంకో స్థలానికి.

టీ పావలా నుంచి పన్నెండు రూపాయలైంది.
నా రాతకూలి ఐదు నుంచి వెయ్యికొచ్చింది,
నేనూ తక్కువ తినలేదు.
సంతపేటలో మా రెండు గదుల బాడుగ
అరవై ఉండేది, ఏడున్నర వేలైంది.
అన్నీ పరిగెత్తాయి, కాదనను.
పుట్టిన చోటు నుంచి జానెడు కదలనిది
మట్టి ఒక్కటే.
అదే అందరికంటే ముందు పోయి కూర్చుంది.
అప్పుడు నా ఏడాది సంపాదన పన్నెండు అంకణాలు.
ఇప్పుడు ఏడాది సంపాదన
ఒక నులకమంచం,
పక్కన చెప్పులు విడిచేంత నేల.

మొన్న గురువారం ఐదోసారి వచ్చింది.
ఇప్పుడు నేను చెబుతాను, ఇంతియాజ్ టైపు చేస్తాడు.
పడమర: ఐదంతస్తుల అపార్ట్‌మెంటు సెల్లారు గోడ.
అక్షరాలా ముప్ఫై ఒక్క లక్షా ఇరవై వేల రూపాయలు
అని కొట్టేసరికి గీత చాల్లేదు.
'మాత్రమే' ఒక్కటీ జారి
కింది గీతలో ఒంటరిగా పడింది.
"సర్దమంటావా తాతా" అన్నాడు పిల్లోడు.
ఉండనీ అన్నాను.

పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించమని
ఐదుగురికి రాసిచ్చాను ఆ జాగా.
ఐదు దస్తావేజుల్లోనూ నా పేరుంది,
ఆఖరి పేజీ అడుగున,
సాక్షుల కింద,
'వ్రాసినవారు' అన్నచోట.

రాత్రి అన్నం పెడుతూ
"ఎంతకి పోయింది?" అంది సుబ్బరత్నం.
సంచిలో ధర చెప్పాను.
సున్నాలు వేళ్ల మీద లెక్కపెట్టుకుంది,
రెండో చెయ్యి కూడా కావాల్సి వచ్చింది.
ఇంటాయన వచ్చిపోయాడట,
ఒకటో తేదీ నుంచి ఇంకో ఐదొందలట.
పులుసు గిన్నె నా వైపు జరిపి,
తలెత్తకుండానే
"వచ్చే ఏడు తగ్గుద్దిలే" అంది.

మేడ మీద ట్యాంకు నిండి
నీళ్లు గోడవెంట కారుతున్నాయి.
మోటారు కట్టేయడానికి
కాసేపు ఇద్దరం లేవలేదు.