ఆవ ఘాటు

జట్లండ్‌లో ఒక తడిసిన బయలు.
ఆగస్టు శనివారం, సంవత్సరం పదమూడు వందల తొంభై,
గేటు దగ్గర టికెట్లు చింపే కుర్రాడి లెక్క ప్రకారం.

కార్లన్నీ దిబ్బ వెనక దాచాం.
చేతిగడియారాలు ఉన్ని చొక్కాల్లోకి దూరాయి.
పైన విమానం పోతే ఎవరూ తలెత్తరు,
అది ఇక్కడి మర్యాద.

వంటల పోటీకి పదకొండు పొయ్యిలు.
నియమాలు చదివింది నేనే,
సన్యాసి అంగీలో, పోస్టాఫీసు గొంతుతో:
ఆలుగడ్డ లేదు. టమాటా లేదు.
మిరపకాయ పేరెత్తొద్దు,
ఆ ఓడలింకా బయల్దేరలేదు.
ప్రతి కుండకీ ఒక కాగితం ఉండాలి,
ఏ రాతప్రతిలో ఏ పుటలో దొరికిందో.

రాతప్రతులేమో కొలతలు చెప్పవు.
తగినంత తీసుకో అంటాయి, చాలినంత ఉడికించు అంటాయి.
ఎంతైతే చాలు?
అడుగుదామంటే వంటవాడు పోయి ఆరువందల ఏళ్ళు.

బస్సు నడిపే ఐవిన్ ఇవాళ గుర్రంలేని వీరుడు.
అతని కుండలో కారెట్లు దొరికాయి, నారింజ రంగువి.
"ఈ రంగు ఇంకా పుట్టలేదయ్యా" అన్నాను.
"పుట్టకపోతే నా చేతిలో ఉన్నదేంటి?"
అని దాన్ని నా ముందే కరకరా నమిలాడు.
పేరు కొట్టేశాను.

న్యాయనిర్ణేత బియర్తె.
ముప్పై ఏళ్ళు బడిపిల్లలకి గరిటె తిప్పిన చెయ్యి,
ఇవాళ మఠం పెద్దమ్మ, తెల్లటి తలగుడ్డ, నడుముకి తాళంచెవులు.
కట్టెల గుట్ట చాటుకి నన్ను పిలిచి
బూట్ల వైపు చూస్తూ చెప్పింది:
"జనవరి జ్వరంలో పోయింది, వాసనా రుచీ రెండూ.
పాలు విరిగాయో లేదో
పిల్లిని అడుగుతున్నాను."
ఏం చెయ్యను?
"నువ్వు నా వెనకే నడువు" అంది.

అట్లా నేను ఆమె నాలుకనయ్యాను.
ఆమె చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంటుంది,
పెదవి కదలకుండా "ఉప్పు?" అంటుంది.
"చప్పగా ఉంది."
"లవంగం?"
"మా పంటి డాక్టరు గుర్తొచ్చాడు."
ఆమె కళ్ళు తెరిచి గంభీరంగా,
"లవంగం విషయంలో కాస్త నిగ్రహం ఉండాల్సింది" అంటుంది.
జనం తలలూపుతారు.

మెరేత బాదంపాలలో కోడిని వండింది,
కుంకుమపువ్వు, పైన దానిమ్మ గింజలు,
మూడు పేజీల ఆధారాలు, అడుగున చిన్నక్షరాల వివరణలు.
తప్పు పట్టడానికి ఏమీ లేదు.
నాలుగో చెంచా మాత్రం ఎవరూ తీసుకోలేదు.

తొమ్మిదో పొయ్యి దగ్గర టూవ,
వెల్డింగు నేర్చుకుంటున్న పిల్ల, కనుబొమ్మ సగం కాలింది.
పొగపెట్టిన చేప. పక్కన మట్టికుండలో
ఆవాలు, పుల్లటి సారా, తేనె, రొట్టెముక్క
తెల్లవారుజాము నుంచి రోట్లో నూరుతూనే ఉందట.
కాగితం వానకి కరిగిపోయింది,
"ఆవాలు దంచి" దాకానే మిగిలింది.

బియర్తె చేప వదిలేసి
చెంచా నిండా ఆవముద్దే తీసుకుంది.
వద్దనబోయాను.

ముందేమీ కాలేదు.
తర్వాత ముక్కుపుటాలు అదిరాయి.
ఘాటు నసాళానికెక్కింది,
పెద్దమ్మ నిలువునా ఊగి
నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి.
కళ్ళూ ముక్కూ ఏకధారగా కారుతున్నాయి.
నీళ్ళు తెచ్చిన పిల్లని తోసేసి
ఇంకో చెంచా.

రుచి కాదది, నాకు తెలుసు.
మూసిన ఇంటి తలుపుని ఎవరో కాలితో తన్నడం, అంతే.
అయినా లోపల ఎవరో ఉన్నారని
తన్నినప్పుడే కదా తెలిసేది.

బహుమతి మెరేతకే. చెక్కతో చెక్కిన గరిటె.
ఆధారాలంటే ఆధారాలు,
బియర్తె స్కూలు లెక్కల్లో ఎన్నడూ తప్పలేదు.

చీకటి పడ్డాక దిబ్బ వెనక్కి వెళ్ళాను.
పాత ఎర్రకారులో లైటు వెలుగుతోంది.
ముందుసీట్లో పెద్దమ్మ, మోకాళ్ళ మధ్య కుండ,
వేలు ముంచడం, నాకడం,
తుమ్మడం, మళ్ళీ ముంచడం.
అద్దం తట్టలేదు.

తిరిగొస్తుంటే టూవ ఎదురైంది, చేతులకి బూడిద.
"నా కుండ కనిపించట్లేదు, అది మా పిన్నిది."
రేపు రమ్మన్నాను.
రేపు కూడా పదమూడు వందల తొంభైయే కదా,
తొందరేముంది.