దగ్గు, రెండో వైపు

బాయిలర్ ఆపమన్నారు.
ఫిబ్రవరి. మతాన్ ఊళ్ళో చర్చి కింద నేలమాళిగ.
దాని హోరు టేపులోకి దూరుతోందట
చెవిలో జోరీగలా.
ఆపాను. నా కొలువే అది,
వెలిగించడం, ఆపడం, బూడిదెత్తడం.

నలుగురు వాళ్ళు. పేరు బొర్దాజ్.
నది నడుమ మంచు పగిలి కొట్టుకుపోయాక
ఒడ్డుని పట్టుకుని ఇంకా వేలాడే మంచుకి
మా వైపు ఆ మాట.
అట్ట మీద అచ్చువాడు ఒక అక్షరం మింగేశాడు.
మళ్ళీ అచ్చేయించే డబ్బుల్లేవు.

ఒవీలా కుర్చీలోంచి లేవకుండానే
ఫిడేలు కింద రెండు కాళ్ళతో
చెక్క మీద తాళం వేసేవాడు, తాత నేర్పిన విద్య.
తాత నాలుగు లెక్కపెట్టిన చోట
వీడు ఏడు లెక్కపెట్టేవాడు.
ముసలాళ్ళు ఆడదామని లేచి
మూడడుగులేసి, తడబడి,
ఏదో మర్చిపోయినట్టు కూర్చునేవాళ్ళు.

రెజీనాల్ పన్నెండు తీగల గిటారు
శ్రుతి నిలిచేది కాదు ఆ చలికి.
బెర్త్రాన్ అరువు తెచ్చిన కీబోర్డు మీద
వేళ్ళు కొంకర్లు పోయి
రెండు మెట్లు ఒకేసారి నొక్కేవాడు.
గిలేన్ కోటు విప్పలేదు.
ఫ్లూటుని చంకలో పెట్టుకుని వెచ్చబెట్టేది, పిల్లిపిల్లని దాచినట్టు.

రెండో వైపంతా ఒకటే పాట,
దుంగల్ని నది మీద నడిపే వాళ్ళ గురించి.
పదకొండో నిమిషంలో అన్నీ ఆగిపోతాయి.
ఇక ఫ్లూటు రావాలి.
నేను మెట్ల మీద, నోటికి టోపీ అడ్డం పెట్టుకుని,
ఆపుకున్నాను, ఆపుకున్నాను,
దగ్గాను.

ఇంకో టేపు లేదు.
గిలేన్ నా వైపు చూసింది.
ఊపిరి తీసుకుంటూ నవ్వింది, ఆ నవ్వుతోనే ఊదింది.

పట్టుమని పందొమ్మిది నెలలు.
తగువేం లేదు.
బెర్త్రాన్ ఉత్తరాన ఆనకట్ట పనికి,
ఒవీలా కాగితం మిల్లుకి,
గిలేన్ ఓడెక్కి నది దాటి ఆస్పత్రిలో నర్సుగా.
రెజీనాల్ సంగతి ఎవరూ చెప్పరు, నేనూ చెప్పను.
అయిదొందల రికార్డుల్లో నూట పన్నెండు అమ్ముడుపోయాయి.
మిగతావి చెమ్మ తగలకుండా
బాయిలర్ పక్కన పేర్చింది నేనే.
వేడికి అన్నీ గిన్నెల్లా వంగాయి.

మొన్న మాంట్రియల్ నుంచి ఒక కుర్రాడొచ్చాడు.
మళ్ళీ వేశారట, కొత్త అట్టతో,
మింగేసిన అక్షరం కూడా పెట్టి.
"అంతా శుభ్రం చేశాం, పెద్దాయనా,
ఒక్క చప్పుడు లేదు" అన్నాడు.
కాఫీ ఇచ్చాను. మంచివాడు.

రాత్రి వంటింట్లో పెట్టుకుని విన్నాను.
పదకొండో నిమిషం.
నిశ్శబ్దం.
గిలేన్ నవ్వింది.
ఎందుకు నవ్విందో
ఇక వినేవాళ్ళెవరికీ తెలీదు.

ముల్లు వెనక్కి జరిపాను.
ఈసారి సిద్ధంగా నిలబడి
ఆ చోటు రాగానే దగ్గాను.
ఆలస్యమైంది.
అప్పటికే ఊదుతోంది.

మళ్ళీ జరిపాను.