ఊ కొట్టే ఇంజను

టెక్కలి పాత బస్టాండు వెనక నా కొట్టు:
ఆరడుగుల బల్ల, భూతద్దం, సోల్డరు కర్ర.
నీళ్లలో పడ్డ ఫోన్లు, ఎలకలు కొరికిన ఛార్జర్లు
తప్ప మరొకటి ఎక్కని ఆ బల్ల మీదకి
దుంగ తవిటయ్య గోనెసంచిలో రైలింజను దించాడు.

మూరన్నర పొడుగు. ఎత్తితే ఏడాది బిడ్డ బరువు.
కుర్రతనంలో చిన్నరైలుకి బొగ్గేసిన మనిషి,
తర్వాత లేతు మిషను దగ్గర కుదిరి
పదకొండేళ్ల ఆదివారాలు దీనికే పోశాడు.
బాయిలరు పాత ఇత్తడి చెంబుల్ది.
పొగగొట్టం పంపుసెట్టు బుష్షు.
"ఆ రైలెత్తీసినారు గదమ్మా,
మరేటి సేస్తాను, నానే ఒకటి సేసుకున్నాను."

ఇన్నాళ్లూ కరెంటు ఎక్కువిస్తే లగెత్తేది,
తక్కువిస్తే చతికిలబడేది. అంతే దాని తెలివి.
ఇప్పుడు బుర్ర పెట్టాలట:
అగ్గిపెట్టెలో పట్టే ఆకుపచ్చ డీకోడరు,
ఒంటినిండా రంగురంగుల తీగలు.

తొమ్మిది బోల్టులు వచ్చాయి. పదోది మొండికేసింది,
కిరోసిను చుక్క వేసి టీ తాగొచ్చాక వదిలింది.
లోపల మోటారు చట్రాన్ని ఆనుకునే ఉంది.
ముందు ఆ చుట్టరికం తెంపాలి, లేదంటే
కొత్త బుర్ర మొదటి క్షణంలోనే మాడి మసి.
మీటరు ముళ్లు రెండూ ఆనించాను. కూసింది.
ఎక్కడో ఇత్తడి రజను.
పళ్ల బ్రష్షుతో దులిపాను. మళ్లీ కూసింది.
మూడోసారికి నోరు మూసింది.

ఎరుపూ నలుపూ చక్రాల నుంచి,
నారింజా బూడిదా మోటారుకి,
తెలుపు ముందు దీపానికి, పసుపు వెనక దీపానికి,
నీలం అందరికీ ఉమ్మడి గుమ్మం.
ఉప్పుగాలికి పట్టాలు చిలుం పడతాయి కదా,
ఒక కెపాసిటరు కూడా కట్టాను,
కరెంటు అందని చోట రెండు క్షణాలు ఓర్చుకోడానికి
కొంగున మూటకట్టిన అటుకులు.

మూత పెట్టకముందే
గజం పట్టా ముక్క మీద నిలబెట్టి అడిగాను:
నీ నంబరు మూడా?
దీనికి మాట రాదు.
ఔనంటే మోటారు వెంట్రుకవాసి ఉలుకుతుంది,
కాదంటే కదలదు.
టిక్.
తవిటయ్య స్టూలు మీంచి లేచాడు. "ఏటది?"
"ఊ కొడుతోంది తాతా."

ఇంక నన్ను పని చేసుకోనిస్తేనా!
"టెంబూరు కాడ గేదె అడ్డొచ్చింది, గ్యాపకముందేటి?"
నేను నవ్వి పాత ప్రశ్నే మళ్లీ పంపాను. టిక్.
"పాతపట్నం టేసన్లో టీకి అరగంట ఆగీవోళ్లం?"
టిక్.
పక్క కొట్టు పకోడీల కుర్రాడు కూడా వచ్చి నిలబడ్డాడు.

అప్పుడు గొంతు తగ్గించి, ఇంజనుకి దగ్గరగా వంగి,
"నౌపడా కొటారుల కాడ, తెల్లారగట్ల,
ఉప్పు గంపతో ఒకామె పట్టా దాటింది సూడు.
నా పక్కనుంచే.
నాను బేగి కేకేసుంటే బతుకునా?"

నా వేలు మీట మీదే ఉంది.
పకోడీల నూనె చిటపట.
బయట పలాస బస్సు హారను కొట్టి పోయింది.
ఇంజను కదల్లేదు.

తవిటయ్య చాలాసేపు దాన్నే చూశాడు.
తర్వాత తువ్వాలుతో ముఖం తుడిచాడో,
ఇత్తడే తుడిచాడో, నేను తీగలు సర్దుతూ ఉన్నాను.
"ఎంతిమ్మంటావమ్మా?" అన్నాడు.

రాత్రి కొట్టు ఊడుస్తుంటే
బల్ల కింద పదో బోల్టు దొరికింది.
రేపు ఫోన్ చెయ్యాలి.