గీతల్లేని వైపు

ఎవరూ మానమనలేదు.
అడిగిన ప్రతివాళ్ళకీ ఒక విలన్ కావాలి,
అత్తగారా, డబ్బు ఇబ్బందా, చేతికేమైనా అయిందా అని.
ఏమీ కాలేదు.

కాశీబుగ్గలో ఇంటర్ చదివేటప్పుడు
బొమ్మకి పది రూపాయలు.
కప్ప జీర్ణవ్యవస్థ, మందారపువ్వు నిలువుకోత,
గుండె. గుండెలు ఎన్ని గీశానో!
హెచ్‌బీ పెన్సిలు, షేడింగ్ కూడదు,
బాణం గుర్తులు స్కేలుతో.
సగంమంది పిల్లలు నా గుండెలతోనే పాసయ్యారు.

ఆ వేసవిలో ఒక సాయంత్రం
పెరట్లో పిల్లిని గీద్దామని కూర్చున్నాను.
వచ్చింది పిల్లి కాగితం మీదికి,
భాగాలు గుర్తించడానికి సిద్ధంగా.
పెన్సిలు పక్కన పెట్టాను.
పదమూడేళ్ళయింది.

మేకప్ కూడా గొప్పగా ఏం మొదలవలేదు.
పిన్ని కూతురి పెళ్ళికి
బరంపురం నుంచి రావలసిన పార్లరు అమ్మాయి
ఇచ్ఛాపురం దగ్గర బస్సు చెడి ఆగిపోయింది.
"బొమ్మలేసీదానివి కదే, నువ్వు కూకో" అన్నారు.
కూర్చున్నాను.
కాటుక పుల్ల రెప్ప అంచున ఆనింది.
రెప్ప కదిలింది.
కాగితం ఎప్పుడూ నాకలా అడ్డు తగల్లేదు.

ఇప్పుడు ఢిల్లీశ్వరి అంటే సోంపేట దాకా తెలుసు.
తెల్లారగట్ల మూడింటికి ఆటో, ఒళ్ళో రింగులైటు,
పెళ్ళికూతురికి ఇచ్చిన డబ్బుల్లోనే
తోడుపెళ్ళికూతురికీ కొసరు వేయమని బేరం.
అయినా ప్రతి ముఖం ముందూ కాస్త భయం.
ఎడమ కనుబొమ కుడిదానికి అక్కేం కాదు,
వేలువిడిచిన చుట్టం.
నీడ ఎక్కడ పడాలో ముక్కే చెప్తుంది.
చామనఛాయని చామనఛాయగా నిలబెట్టాలంటే
మూడు డబ్బాలు కలపాలి,
నలుగురు మేనత్తలతో పోట్లాడాలి.

మొన్న మాఘంలో, మందసలో,
పెళ్ళికూతురు లేచిన కుర్చీలో
వాళ్ళమ్మ కూర్చుంది, అంచున, దిగిపోయేదానిలా.
ఇరవయ్యేళ్ళు జీడిబట్టీలో.
వేళ్ళకి ముద్రలు అరిగిపోయాయి,
రేషన్ మిషను ఆవిణ్ణి ఎప్పుడూ నమ్మలేదు.
బుగ్గ మీద జీడినూనె చిమ్మిన మచ్చ,
రూపాయి బిళ్ళంత.
"ఇది అవుపడకండా సేసీ అమ్మా."
చేశాను. ముందు నారింజ, పైన గోధుమ, ఆపైన పౌడరు.
మచ్చ మెల్లిగా నిద్రపోయింది.
ఆవిడ అద్దంలో చాలాసేపు చూసుకుంది.
బుగ్గ తడుముకోబోయి, ఆగి,
"ఓలమ్మ! కూసింత అవుపడనీవే.
మా సెల్లి నన్ను పోల్చుకోనేదు."

తడి స్పాంజితో అంచు విప్పాను.
ఎంత తుడవాలి, ఎంత ఉంచాలి?
దానికి స్కేలు లేదు.
చెయ్యి ఒకచోట ఆగింది.
"సాల్లే" అంది ఆవిడ.

రాత్రికి సబ్బుతో కడిగేసుకునే ఉంటుంది.
ఒకప్పుడైతే ఏడ్చేదాన్ని.
దాచుకోడానికేమీ మిగలకపోవడం
ఇప్పుడు హాయిగా ఉంది. చాలా రోజులు.

నిన్న అటక మీద ఒక రికార్డు పుస్తకం దొరికింది,
ఎవరో డబ్బులివ్వలేక వదిలేసింది.
కుడివైపు గీతలు, ఎడమవైపు తెలుపు.
కొత్త లిప్‌స్టిక్కులు తొమ్మిది
ఆ తెలుపు మీద వేలితో రాసి చూశాను,
ఇటుక, ఎండుమిరప, నేరేడు...
నేరేడు వేలు జారి
తోకలా వంపు తిరిగింది.

గీయలేదు.
రంగు చూసుకున్నానంతే.