పావు తిప్పు

పొద్దున ఆరింటికి ఒకటి,
పన్నెండుకి ఒకటి,
సాయంత్రం ఆరింటికి, మళ్ళీ అర్ధరాత్రికి.
పానా పట్టుకుని
నా కాళ్ళ నట్లు నేనే తిప్పుకుంటాను.
తిప్పుకి పావు మిల్లీమీటరు.
రోజంతా కలిపితే రెండు గోళ్ళ మందం.

కుర్గాన్‌లో జనవరి.
ఎముకలు కొరికే చలి అని ఊరికే అనేవాణ్ణి.
ఇప్పుడు దాని నోటికి నేనే అందించాను:
కాలికి పది తీగలు, నాలుగు ఉక్కు వలయాలు.
దుప్పటి వాటిమీద గుడారంలా నిలబడుతుంది.
లోపల, ముక్కూమొహం తెలియని ఎవరో ఇద్దరు
తెల్లార్లూ గొణుక్కుంటారు.

త్యుమెన్‌లో మగవాళ్ళ సూట్లమ్ముతాను నేను.
పదకొండేళ్ళుగా మెడలో టేపు.
నేలమీద మోకాళ్ళూని
ఎన్ని కాళ్ళు కొలిచానో!
వాళ్ళు అద్దంలో నా తలమీంచి
తమని తాము చూసుకునేవాళ్ళు.
ఎత్తు తక్కువవాడికి ఎత్తిపొడుపులు ఎక్కువ,
అవి కూడా నవ్వుతూ, బిల్లు కట్టేటప్పుడు.
నా ప్యాంట్లకి మాత్రం ఎప్పుడూ
నాలుగు వేళ్ళు కత్తిరించాల్సిందే.
ఆ ముక్కలన్నీ బిస్కెట్ల డబ్బాలో దాచాను.
ఎందుకని అడగొద్దు.

కొట్లో వాళ్ళతో
ఉత్తరాన గ్యాసు బావుల్లో పని దొరికిందన్నాను.
అన్నతో బండి మీంచి పడ్డానన్నాను.
కారు అమ్మిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఎముక పాపం తొందరగానే ఒప్పుకుంది.
కండే మొండికేసింది.
పిక్కలోపల తడితాడు ఎండలో బిగుసుకున్నట్టు,
మడమ నేలకి ఆనదు.
అరికాలికి పట్టీ వేసి నా వైపు లాక్కుంటూ
వంద లెక్కపెట్టాలి.
అరవై దగ్గర రష్యన్ అంకెలు చెదిరిపోతాయి.
అప్పుడు తాత నేర్పిన తతారు అంకెలు
బెర్, ఇకె, ఓచ్, ద్యూర్త్ అంటూ
మళ్ళీ మొదటినుంచి.

జినైదా వచ్చి ఒక్కో తీగ మొదలూ
స్పిరిట్ దూదితో తుడుస్తుంది.
"ఏడవాలంటే ఏడువ్ ఫానిస్, కాలు మాత్రం కదపకు."
రెండూ పాటిస్తాను.

ఎదురు మంచం మీద సమత్, తొమ్మిదేళ్ళవాడు.
సరిహద్దు అవతల కొస్తనాయ్ నుంచి వచ్చాడు.
పుట్టుకతోనే ఎడమకాలు బెత్తెడు కురచ.
వలయాలకి స్టిక్కర్లంటించుకున్నాడు, ట్రాక్టర్లవి.
"నీకు ఏ కాలు పొట్టిది?"
రెండూ, అన్నాను.
నా కాళ్ళవైపు చాలాసేపు చూసి,
"దేనికంటే?" అన్నాడు.

నా దగ్గర టేపు లేదు ఆ పూట.

ఎక్స్‌రేలో
కోసిన రెండు ఒడ్ల మధ్య నల్లటి ఖాళీ,
అందులో ఊదితే పోయేంత పల్చటి తెలుపు.
అదే రేపటికి ఎముకట.
దానిమీదే నిలబడాలట నేను.

నలభై ఒకటో రోజు
కుడికాలి బొటనవేలు లేవలేదు.
లే అన్నాను. బతిమాలాను. తిట్టాను.
డాక్టరు పెన్ను మొనతో పాదం మీద గీస్తూ
తెలుస్తోందా, ఇక్కడ తెలుస్తోందా అంటే
కిటికీలో తొబోల్ నది గడ్డకట్టి కనిపించింది.
నాలుగు సెంటీమీటర్లొచ్చింది.
ఆరు కావాలని వచ్చాను.
ఆపడమా, సాగడమా,
రాత్రికి ఆలోచించుకో, అన్నాడు.

అర్ధరాత్రి పానా చేతిలో చల్లగా ఉంది.
ఆ రెండు సెంటీమీటర్లూ
గోడమీద ఎంతుంటాయో వేళ్ళతో చూసుకున్నాను.
డబ్బాలోని గుడ్డముక్కంత కూడా లేవు.
ఐనా కళ్ళు మండాయి,
అబద్ధమాడను.
ఇంకెప్పటికీ ఆ అద్దంలో
వాళ్ళ భుజాలదాకానే.

"తిప్పావా?" చీకట్లోంచి సమత్.
లేదన్నాను.
"మరి నాది తిప్పవా? అమ్మ నిద్రపోయింది."

చక్రాల కుర్చీలోకి దిగడానికి
పావుగంట పట్టింది.
వాళ్ళమ్మ కుర్చీలోనే తల వాల్చి,
చేతిలో సగం అల్లిన మేజోడు,
ఒకటే.
పసుపు ట్రాక్టరు పక్కన నట్టు.
వాడు దిండు అంచు పళ్ళతో పట్టి
నాకేసి తలూపాడు.
పావు తిప్పు. ఇంకోదానికి పావు తిప్పు.
"నువ్వు అమ్మకంటే మెల్లగా తిప్పుతావ్."

వాడి కాగితం మీద
పన్నెండు గంటల గడిలో టిక్కు పెట్టాను.
నా కాగితం మంచం మీదే ఉండిపోయింది.