వెలిగారం

ఫ్లక్స్ డబ్బా తెమ్మని బీసెంట్ రోడ్డుకి పంపితే
మా కుర్రాడు ఫ్లెక్స్ కొట్టుకెళ్లి
"ఎన్ని అడుగులు? ఎవరి ఫొటో?"
అనిపించుకుని ఉత్తచేతులతో వచ్చాడు.
నవ్వాను గానీ
ఆ మాట నన్నూ చాలా గుమ్మాలు తిప్పింది.

మా నాన్న దాన్ని వెలిగారం అనేవాడు.
సామారంగం చౌక్ దగ్గర కుంపటి.
రాతిమీద నీటిచుక్కతో అరగదీసి
ముక్కుపుడక అతుక్కి పూసేవాడు.
ఊదుగొట్టం సెగకి అది పేలాల్లా పొంగి,
అణిగి, గాజులా కరిగి,
అప్పుడు పాకేది టంకం.
నాకు నోరు పూస్తే
అదే పొంగించి, తేనెలో రంగరించి నాలిక్కి రాసేవాడు.
"బంగారానికీ నోటికీ ఒకటే మందేంటి నాన్నా?"
"రెంటికీ మైల పట్టకూడదే."

ఆటోనగర్‌లో ఖాజావలికి
ఫ్లక్స్ అంటే రాడ్డు తొడుక్కున్న బూడిదరంగు చొక్కా.
ఇనుముకి గాలి సోకకుండా
తను కాలి కప్పుకుంటుంది.
చల్లారాక సుత్తితో రెండు దెబ్బలు,
పెంకై రాలాలి.
"రాలనని మొండికేసిందా, అతుకులో ఏదో తేడా ఉన్నట్టే"
అంటాడు, ఎర్రబడ్డ కళ్లు నలుపుకుంటూ.

ట్యూషన్లో సుభాషిణి టీచర్ ఫ్లక్స్ చేతికంటేది కాదు.
తీగచుట్టలోంచి ఎంత దూరిందో, ఆ లెక్క.
చుట్ట ఎదురుగా నిలబడితే నిండా,
పక్కకి తిరిగితే సున్నా.
"మారాలి. మారితేనే కరెంటు."
పరీక్షలో నేను వెలిగారం గురించి రెండు పేజీలు రాశాను.
పక్కకి తిరిగిన చుట్టకొచ్చిన మార్కులే వచ్చాయి.

వరదప్పుడు బ్యారేజీ మీద
అందరి నోటా క్యూసెక్కులు.
లస్కరుగా చేసి దిగిపోయిన యేసుపాదం గారు
రెయిలింగ్ మీద చెయ్యేసి,
"ఆ అంకె నీళ్లది కాదమ్మా, వెళ్లడానిది.
నీళ్లయితే కుండతో కొలవమా?"

ఇవాళ బల్లమీద
సింగ్‌నగర్ నీళ్లలో నానిన ఫోను.
ఇడ్లీబండి మరియమ్మది.
ఖాతాలన్నీ అందులోనే.
సిరంజిలో తేనెరంగు జిగురు. ఒక్క చుక్క.
గుగ్గిలం లాంటి పొగ,
పచ్చటి చిలుము విడిచి రాగి మెరిసింది,
సీసం ఎవరో పిలిచినట్టు పరుగెత్తింది.
స్పిరిటుతో తుడిచేశాను.
అతుకులో అది లేదు.
బిల్లులోనూ రాయను.

తెర వెలిగింది.
మరియమ్మ కళ్లజోడు పెట్టుకుని
మొదటి బాకీ పైకి చదివింది.
నాదే. నాలుగు ప్లేట్లు.